దారంతో కొలిచిన దూరం

పాలు కాచి ఫ్రిజ్‌లో పెట్టాను. బీపీ మాత్ర భోజనం తరువాతే వేసుకోండి. పెరటి తలుపు గడియ బిగుసుకుంటోంది, తలుపును కాస్త పైకెత్తి గడియ పెట్టండి.

మీతో పనిచేసిన సంగీతం టీచరుగారు విమానమెక్కుతున్నారని తెలియగానే, ముప్ఫై ఏళ్ళు భూగోళం పాఠాలు చెప్పిన మీ చేతులు ఊరుకోలేదు. నా కుట్టుపెట్టెలోని ఎర్రదారం తీసి, గ్లోబు మీద రెండు విమానాశ్రయాల మధ్య పరిచి, పదిహేడు వందల కిలోమీటర్లు, రెండు గంటల ఇరవై నిమిషాలని ఆవిడకు ఫోను చేసి చెప్పారు. "ఎడమవైపు కిటికీ సీటు తీసుకోండి టీచరుగారూ, ఎండ పడదు" అని కూడా అన్నారు. మా చెల్లెలి ఊరు ఎంత దూరమని నిన్న నేనడిగితే మాత్రం, పేపరు దించకుండానే "ఎంతయితే ఏంటోయ్, కునుకు తీసేలోపు దిగిపోతావు" అన్నారు.

అందుచేత అదే దారంతో నేనే కొలుచుకున్నాను. ఆవిడ ప్రయాణం కన్నా నాది రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ. నాకు దొరికింది కుడివైపు సీటు.

తా.క. తిరుగు విమానం గురువారం ఉదయం పదకొండింటికి బయలుదేరుతుంది. ఎన్నింటికి దిగుతానో రాయడం లేదు. దారం గ్లోబు మీదే ఉంచాను. కొలుచుకుని, ఎదురుగాలి కూడా కలుపుకుని, నాకన్నా ముందు వచ్చి నిలబడండి.