మూడో లైటు ఎందుకు వెలిగింది

సూర్యాపేట,
22 ఆగస్టు 2013, గురువారం.

పెన్‌పహాడ్‌లో నా మీద అలిగి కూర్చున్న నాయినకు,

నీ పెద్ద కూతురు త్రివేణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ షెడ్డు క్షేమం, జాకీ క్షేమం, నా పది వేళ్లూ క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మా, గొర్లూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటంటావేమో. నాలుగు రోజులుగా నా గొంతు వినపడగానే ఫోను అమ్మ చేతిలో పెడుతున్నావు. ఉత్తరాన్ని అలా పెట్టలేవు. కూడబలుక్కుంటూనైనా నీకు చదవడం వచ్చు, పైగా మొదలుపెట్టింది మధ్యలో వదలవు. ఆ మొండితనమే నాకూ వచ్చింది, నన్నేమీ అనకు.

ముందు అసలు కబురు. అభినవ్ కారు ఈ పొద్దున తొమ్మిది గంటలకు మిర్యాలగూడకు వెళ్లిపోయింది. లారీ మీద కాదు, దాని నాలుగు చక్రాల మీదే. డాష్‌బోర్డు మీద ఒక్క లైటు కూడా వెలగడం లేదు. పందెం నేను గెలిచాను నాయినా.

ఆదివారం నువ్వన్న మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి. రైస్‌మిల్లు ఈశ్వరయ్యగారి మనవడు అభినవ్ తన కారును నా షెడ్డుకు తెచ్చాడని, ఎర్ర రంగు, ఇద్దరే కూర్చునే రేసు బండి అని, నేలకు జానెడు ఎత్తే ఉంటుందని నేను సంబరంగా చెప్తున్నాను. నువ్వేమో, గుంతల పడ్డ బండికి దిష్టి ఉంటది, ముందుగాల నిమ్మకాయ, మిరపకాయలు కట్టు అన్నావు. నా షెడ్డులో అలాంటివి కట్టనన్నాను. లోపం కనిపెట్టడం చేతగానివాళ్లే దిష్టి అంటారని కూడా అన్నాను. నీ మొహం ఎట్లా అయిందో చూశాను, అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నువ్వు గొంగడి దులుపుకుని లేచి, "గా బండి నీతోని అయితదా? శుక్రారం గది లారీ ఎక్కి హైదరాబాద్ పోయిందనుకో, నువ్వు షట్టర్ దించి ఇంటికి రావాలె. తిరుమలగిరిల బట్టల దుకాణంల కూసోబెడ్త" అన్నావు. నేను సరేనన్నాను. అమ్మ చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది.

నాలుగేళ్లుగా నడుపుతున్న షెడ్డు నాయినా అది. ఆటోలు బాగుచేశాను, ట్రాక్టర్లు బాగుచేశాను. ఆడపిల్ల పానా పట్టిందని నవ్వినవాళ్లే ఇప్పుడు బండి తెచ్చి వరుసలో పెడుతున్నారు. దాన్ని వదిలి చీరలు మడతపెట్టమంటావా?

బండికి ఏమైందో నీకు చెప్పాలి, ఎందుకంటే పెన్‌పహాడ్‌లో నువ్వే అందరికీ చెప్పాలి. మిర్యాలగూడ రోడ్డు మీద గుంతలో పడి ఎడమ వైపు ముందు చక్రం బేరింగు పోయింది. అభినవ్ ఇంటర్నెట్లో వీడియో చూసి, మిల్లు ఆవరణలో తనే చక్రం విప్పాడు. విప్పడం వచ్చింది, బిగించడం రాలేదు. పనిలో పనిగా సీటు కూడా ఊడదీశాడు. అదెందుకని అడిగితే ఇప్పటికీ నేల చూపులు చూస్తాడు. చివరికి బండిని ట్రాలీ ఎక్కించి నా దగ్గరికి తెచ్చాడు. ఇక ఈశ్వరయ్యగారు, నీకు శుక్రవారం దాకా గడువు, ఆ రోజు లారీ పిలిపించి హైదరాబాద్ షోరూంకు పంపిస్తానని మనవడికి గట్టిగా చెప్పారట.

సోమవారం అభినవ్, నేను కలిసి కొత్త బేరింగు ఎక్కించాం. బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే డాష్‌బోర్డు మీద రెండు లైట్లు వెలిగి ఆరలేదు. ఒకటి జారిపోతున్న కారు బొమ్మ. అది సులువే. బ్యాటరీ తీసి పెడితే స్టీరింగు ఎటు తిరిగి ఉందో బండి మరిచిపోతుంది. ఇంజను నడుస్తుండగా స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి గుర్తుచేస్తే ఆరిపోయింది. రెండోది ఎయిర్‌బ్యాగు లైటు. సీటు కింద పసుపుపచ్చ ప్లగ్గు వదులుగా వేలాడుతున్నది, అది మన సీటు వీరుడి నిర్వాకం. గట్టిగా నొక్కి పెట్టాను. అయినా లైటు ఆరలేదు. ఆ బండి బుర్ర అచ్చం నీలాంటిది నాయినా, తప్పు సరిదిద్దినా పాత సంగతి మనసులో పెట్టుకునే ఉంటుంది. దాన్ని మరిపించాలంటే బండి బుర్రలో ఉన్నది చదివి తుడిచే స్కానరు కావాలి. అది కోదాడలో మెకానిక్ లింగన్న దగ్గర ఉంది. మంగళవారం షెడ్డు తాళంచెవి, పక్కనున్న చాయ్ బండి ఆండాళక్కకు ఇచ్చి కోదాడ వెళ్లాను. స్కానరు వేరే బండికి తగిలించి ఉంటే, అది అయ్యేదాకా కూర్చుని, సాయంత్రం చీకటిపడే వేళకు తెచ్చాను.

బుధవారం పొద్దున స్కానరుతో ఎయిర్‌బ్యాగు సంగతి తుడిచేశాను. లైట్లన్నీ ఆరిపోయాయి. అభినవ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాను. కొత్త బస్టాండు దాటామో లేదో, టింగుమని మోగి మూడో లైటు వెలిగింది. ఏబీఎస్. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం పట్టేసి జారకుండా కాపాడేది అదే. సోమవారం లేని లైటు, మంగళవారం బండి కదలనే లేదు, బుధవారం ఎక్కడి నుంచి వచ్చింది? ఆటోవాళ్లందరి కళ్లూ ఆ ఎర్ర బండి మీదే. బండి వెనక్కి తిప్పాను.

షెడ్డుకు తెస్తే, నాకు పని నేర్పిన సత్తయ్య ఉస్తాద్ వచ్చి ఉన్నాడు. మీటరు వంక ఒక్క చూపు చూసి, "గీ పసుపు లైటుకు గింత పరేషాన్ ఎందుకు బిడ్డా? జర నల్ల టేపు అంటియ్యి, ఖతం" అన్నాడు. ఎందరో చేసే పనే అది. లైటు కనపడకపోతే బండివాడు సంతోషంగా పోతాడు. నేను అంటించనన్నాను. వానలో కోదాడ రోడ్డు మీద ఆ అబ్బాయి బ్రేకు తొక్కితే నా టేపు ఆపుతుందా? ఉస్తాద్‌కు కోపం వచ్చింది. అయితే బట్టల దుకాణమే నీకు గతి అని వెళ్లిపోయాడు. పందెం సంగతి ఆయన దాకా వచ్చిందన్నమాట. ఎవరు చెప్పారో నాకు తెలుసు.

ఆయన వెళ్లాక షెడ్డు వెనక్కి పోయి ఏడ్చాను. దాచడం దేనికి, ఏడ్చాను. నిన్ను తిట్టుకున్నాను కూడా. నేను ఓడిపోవాలని కోరుకునేది ఎవరో కాదు, మా నాయినే కదా అనుకున్నాను.

తర్వాత మొహం కడుక్కుని స్కానరు తగిలించాను. ఎడమ వైపు ముందు చక్రం నుంచి కబురు రావడం లేదన్నది. చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో చెప్పే సెన్సారు ఒకటి ఉంటుంది అక్కడ. కొత్తది కొనాలేమో అన్నాడు అభినవ్. చిన్నప్పుడు నువ్వు చెప్పింది గుర్తొచ్చింది. గొర్రె కుంటుతుంటే కాలంతా పిసకొద్దు, ముందు గిట్ట లేపి చూడమనేవాడివి. గొర్రెపిల్లను గుంజకు కట్టే ముడి కూడా అప్పుడే నేర్పబోయావు, అది మాత్రం నాకు పట్టుబడలేదు. అందుకని ఏదీ కొనకుండా, జాకీ ఎక్కించి చక్రం విప్పి చూశాను. సెన్సారు బాగానే ఉంది. దాని వైరు ప్లగ్గులోంచి ఊడి వచ్చేసింది. మళ్లీ పెట్టి, క్లిప్పు వేసి బిగించి, కోదాడ రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు తోలాను. మూడు చోట్ల గట్టిగా బ్రేకు తొక్కాను. లైటు మళ్లీ వెలిగితే ఒట్టు.

అందుకని నాయినా, విను. షట్టరు దించను. ఈ సంవత్సరమే కాదు, నా మోకాళ్లు వంగినంతకాలం దించను. తిరుమలగిరి దుకాణం వాళ్లకు వేరే మనిషిని చూసుకోమని కబురుపెట్టు. పందెం సంగతి ఊరంతా చెప్పిన నోటితోనే నేను గెలిచిన సంగతి కూడా చెప్పు. నేను చేసేది మగవాళ్ల పని కాదు, చేతనైనవాళ్ల పని. ఈ మాట మీద నీకు ఇంకా కోపం ఉంటే షెడ్డుకు వచ్చి నా ఎదురుగా కోప్పడు. అమ్మ మోకాలి నొప్పికి నూనె పంపుతున్నాను, రోజూ రాయమను.

ఇట్లు,
షట్టరు దించని నీ కూతురు
త్రివేణి

తా.క. ఇది రాయకూడదనుకున్నాను. కవరు అంటించి, మళ్లీ చింపి రాస్తున్నాను.

ఆ వైరు దానంతట అది ఊడలేదు. చక్రం విప్పేసరికి లోపల ఒక నిమ్మకాయ, ఏడు పచ్చి మిరపకాయలు ఉన్నాయి. నేను చూస్తే తీసేస్తానని లోపల కట్టినట్టున్నారు. అంత పొట్టి బండికి కట్టడానికి ఇంకేమీ దొరక్క, చేతికి అందిన ఆ సెన్సారు వైరుకే కట్టారు. రోడ్డెక్కగానే దారం తిరిగే ఇరుసుకు చుట్టుకుని వైరును లాగేసింది. దారం గొంగడిలోంచి తీసిన నల్ల ఉన్ని. ముడి గొర్రెపిల్లను కట్టే ముడి, అదీ ఎడమకు తిప్పి వేసింది. పొట్టేలు కుమ్మి కుడి బొటనవేలు వంకరపోయినవాడు తప్ప ఆ ముడి అటు తిప్పి ఎవరూ వెయ్యరు.

మంగళవారం ఎవరొచ్చారని ఆండాళక్కను అడిగాను. "నాకేం తెల్వదు బిడ్డా" అని నవ్వింది.

చాయ్ తాగి వచ్చాక, వైరు ఎందుకు ఊడిందని అభినవ్ అడిగితే, గుంతల రోడ్డు కదా అన్నాను. నల్ల టేపు అంటించనని ఉస్తాద్ మీద అంత ఎగిరినదాన్ని, నీ కోసం ఒకసారి నిజం మీద అంటించాను.

నేను ఓడాలని పందెం కాసి, గెలవాలని బస్సెక్కి వచ్చి నిమ్మకాయ కట్టిపోతావా నాయినా? దాంతోనే నన్ను ఓడించబోయావు, తెలుసా?

ఆ దారం తెంపలేదు. ముడి చెడకుండా జారదీసి షట్టరు కొక్కేనికి వేలాడదీశాను. నిమ్మకాయ వాడిపోయింది. శనివారం కొత్తది తెచ్చి నువ్వే కట్టు. షట్టరుకు మాత్రమే. బండి మీద చెయ్యి పడిందో, ఊరుకోను.