నమాజులో చప్పట్లు

రియాద్, 1992, షాబాన్ నెల, శుక్రవారం రాత్రి

నా అనుమానం నోటితో అంటే మమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని, మా కఫీల్ చెవిన పడుతుంది. అందుకే పదో తరగతి తర్వాత ఇన్నాళ్లకు కలం పట్టాను.

మసీదు నుంచి వస్తూ దారి తప్పినప్పటి నుంచి, కఫీల్ కారు నడిపే మా ఆయన ఇంట్లోనే నమాజు చదువుతున్నారు. ఈ రోజు సాయంత్రం అసర్ నమాజులో ఉన్న నాలుగు రకాతులూ అయ్యాక, లేని ఐదోదానికి మళ్లీ లేచి నిలబడ్డారు. ముందున్నవారు పొరబడితే వెనకున్న ఆడవాళ్లు చప్పట్లతో గుర్తు చేయాలి కదా, మెల్లగా కొట్టాను. వెనక్కి తిరిగారు.

"ఎవురో తలుపు కొడ్తాండారు, చూడు పో."

"ఎవురూ లేరులే. కూచోండి."

పోయిన ఏడు కఫీల్ తల్లి మధ్యాహ్నం జొహర్ నమాజు మూడుసార్లు చదివితే తలకు స్కానింగ్ తీశారు. మనవళ్ల పేర్లు, నెలల పేర్లు ఓపికగా అడిగి మతిమరుపు జబ్బన్నారు. ఆమెను చూసుకునేది నేనే, పక్కనే ఉన్నాను. మొన్న అదే డాక్టరు ఈయన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు.

"ఈ హిందీవాళ్లంతా ఇంతే. పోయినేటి గల్ఫ్ యుద్ధం నాటి బెదురు" అని నిద్రమాత్ర రాశాడు. హిందీవాళ్లంటే ఇక్కడ ఇండియావాళ్లమని. అన్నంతసేపూ కఫీల్ ముఖమే చూశాడు. ముందే మాట్లాడుకున్నారా? జబ్బని రాస్తే డ్రైవరు పోతాడనా? లేక మా తలల్లో మరిచిపోయేంత ఏముందిలే అనుకున్నాడా? అల్లాకే తెలియాలి.

రేపు బడి. కఫీల్ పిల్లలు మా ఆయన నడిపే బండిలోనే వెళ్లాలి. నిజం చెబితే మాకు ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేస్తారు. చెప్పకపోతే ఆ పసివాళ్లు... పిల్లలకు తోడుగా వస్తానని వాళ్లమ్మను అడిగాను, సరేనంది. వెనక సీట్లో కూర్చుంటాను. ఆయన దారి తప్పితే చప్పట్లు కొడతాను.

యా అల్లా, ఈ కాగితాలు భద్రంగా ఉంచు. ఎవరి కంటా పడనీకు.