ఎడమ చెవిలో లీకు

మార్చి 3, సోమవారం

ఎనిమిది మిల్లీమీటర్లు. ఎడమ చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరం మీద చిన్న గడ్డ. అకూస్టిక్ న్యూరోమా అంటారట. క్యాన్సర్ కాదని డాక్టర్ రెండుసార్లు చెప్పాడు. కొన్నేళ్ళుగా మెల్లగా పెరిగి ఉంటుందట. ఆపరేషన్ చేస్తే మిగిలిన వినికిడీ పోవచ్చు, ఆర్నెల్లు ఆగి మళ్ళీ స్కాన్ చేద్దామన్నాడు. మరి చెవిలో ఈ హోరు సంగతేమిటన్నాను. అలవాటైపోతుందన్నాడు, కొత్త చెప్పుల గురించి చెప్పినట్టు.

మార్చి 4

ఆఫీసులో చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళుగా నా ఉద్యోగం వినడమే. భూమిలో నీళ్ళ పైపు ఎక్కడ కారుతోందో పట్టుకోవాలి. ఇనప ఊచ ఒక కొన రోడ్డుకి, రెండో కొన చెవికి ఆనించి వింటాను. నేను సున్నంతో గీసిన చోట మేస్త్రి తవ్విస్తాడు. ఆ చెవి ఎడమది. కుడి చెవితో ఎన్నడూ వినలేదు.

మార్చి 19, ఉదయం 6

మంచం దిగగానే నేల ఒరిగింది. గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్ళాను. నా భార్య బతికి ఉంటే, పొద్దున్నే ఎక్కడ తాగొచ్చారని అడిగేది.

ఏప్రిల్ 11

పనికి వెళ్ళే ముందు రోజూ ఆమె వాయిస్ మెసేజ్ వింటాను. మిగిలింది అదొక్కటే. ఇరవై రెండు సెకన్లు. పోయే ముందు వారం పంపింది. వంటింటి కుళాయి కారుతోంది, ఊరందరి నీళ్ళూ వినబడతాయి గానీ మన ఇంట్లోవి వినబడవా, మీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాలా నేను, అని. రెండు నెలల పాటు చెప్పింది. నాకు వినబడటం లేదనేవాణ్ణి. సాకు అనుకుంది. చివరికి నేనూ అలాగే అనుకున్నాను. ఆమె పదోరోజు వెళ్ళాక కుళాయి బాగుచేశాను.

ఇవాళ గొంతు వినబడింది, మాటలు తెలియలేదు. గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టుంది.

ఫోన్ కుడి చెవికి మార్చలేదు. ఆమె ఎప్పుడూ నా ఎడమ పక్కనే నడిచేది.

ఏప్రిల్ 20

మా అమ్మాయి వచ్చింది. ఎడమ వైపు కూర్చుని ఏదో అడిగిందట, నేను వినబడక లేచి వెళ్ళాను. నీకు చెప్పే కన్నా గోడకి చెప్పడం నయం నాన్నా, అది కనీసం లేచి వెళ్ళిపోదు అంది. గడ్డ సంగతి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

మే 27

మందుల షాపు ముందు తవ్వించాను. సన్నగా, తెగకుండా చప్పుడు. సందేహమే లేదు. అయిదడుగులు తవ్వారు. పొడి మట్టి. షాపతను బయటికొచ్చి, ఏం సార్, నిధి దొరికిందా అన్నాడు. మేస్త్రి నవ్వలేదు. దాంతో భయం వేసింది.

ఊచ తీసేసి విన్నాను. అదే చప్పుడు.

మే 28

అసలు లీకు నలభై గజాల అవతల. దర్జీ కొట్టులోకి నీళ్ళు చేరి, డెలివరీ ఇవ్వాల్సిన బట్టలన్నీ తడిశాయి. రిపోర్టులో పైపుల మ్యాపు తప్పని రాశాను. మ్యాపు గీసింది నేనే.

జూన్ 2

మేస్త్రి కొన్నాళ్ళుగా నా కుడి పక్కనే నిలబడుతున్నాడు. ఇవాళ గమనించాను. వాళ్ళ నాన్నకీ చెవుడేనట. దర్జీ తిట్లన్నీ నేనొక్కణ్ణే తింటున్నాను సార్, సగం మీరూ తీసుకోండి అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నా కుడి చెవి దగ్గరే, చెవన్నా మార్చండి, ఊచన్నా ఇచ్చెయ్యండి అన్నాడు.

కోపం వచ్చింది. అతని తప్పు లేదు కాబట్టి ఇంకా వచ్చింది.

జూన్ 3

కుడి చెవితో ప్రయత్నించాను. ఎడం చేత్తో సంతకం పెట్టినట్టుంది.

జూన్ 4

ఊచ ఆఫీసు బీరువాలో పెట్టాను. సెలవు పెట్టాను. నడుము నొప్పి అని రాశాను.

సెప్టెంబర్ 5

ఎనిమిదే. పెరగలేదు, శుభవార్త అన్నాడు డాక్టర్. పెరగదు, పోదు. ఇంట్లో తిష్ట వేసిన చుట్టం.

తిన్నగా ఆఫీసుకి వెళ్ళి మొత్తం చెప్పేశాను. తర్వాత దర్జీకి. ఆ ముక్క ముందే చెప్తే నా బట్టలు తడిసేవా అన్నాడు. నిజమే.

సెప్టెంబర్ 6, ఉదయం 5.40

ఫోన్ కుడి చెవికి పెట్టాను.

ప్రతి మాటా వినబడింది. మాటల వెనక కుళాయి కూడా. నాలుగు సెకన్లకొక చుక్క. అదింతకు ముందెప్పుడూ వినలేదు.

సాకు కాదు. నిజంగానే వినబడలేదు.