ఎదురు వరస

అరకు
7 నవంబరు 1954

ప్రియమైన సత్యకుమారి టీచరమ్మకు, మీ మిషను బోర్డింగులో చదువుకున్న రత్న వందనాలు.

మీరు పంపిన పాటల పుస్తకం అందింది. ఇంకా తెరవలేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

బోర్డింగులో ఆఖరి రోజున మీరు, "ఆ గొంతు దేవుడి పనికి ఇవ్వమ్మా" అన్నారు. టీచరు ట్రైనింగుకు వెళ్ళకుండా మా కొండకు వచ్చింది ఆ మాట మీదే. నాలుగు నెలలుగా మా మట్టిగోడల గుడిలో ప్రతి ఆదివారం ఆడవాళ్ళకు పాటలు నేర్పుతున్నాను. మీరు మమ్మల్ని నిలబెట్టినట్టే ఒకరి వెనక ఒకరిని, నా వైపు తిప్పి నిలబెడతాను. పెదవులు కదులుతాయి, గొంతు లేవదు. "క్రిస్మసుకి మిషను అయ్యగారొస్తారు. అప్పటికైనా నోరిప్పుతారేటే?" అని సంఘపెద్ద మంగ్లు మావయ్య నిన్న కూడా అడిగాడు.

కానీ నన్ను తినేస్తున్నది అది కాదు. పాటలు మొదలుపెట్టిన రెండో ఆదివారమే మా అమ్మ వచ్చింది. అమ్మ గుడికి వచ్చే మనిషి కాదు, ఊరి అమ్మోరికే మొక్కుతుంది. వానకు నెత్తిన ఆకుల గిడుగు, మోకాళ్ళ దాకా బురద. గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి పకపకా నవ్వింది. "ఏటే గుంటా, ఆళ్ళని కంచె కర్రల్లాగ పాతీసినావు?" అంది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "నీకేం తెలుసు? బయట ఉండు" అన్నాను. అమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. మళ్ళీ గుమ్మంలోకి రాలేదు. నా చదువు కోసం ఏళ్ళ తరబడి అడవిలో అడ్డాకులు కోసిన మనిషి టీచరమ్మా, నా అమ్మ.

కన్నతల్లిని గుమ్మం దాటనివ్వని దాన్ని దేవుడికి ఏం పని చేస్తాను? పాటలు మానేస్తాను. బోర్డింగులో వంటపనికైనా నన్ను రానివ్వండి.

మీ దగ్గర చదివి కూడా ఇలా చేసిన
రత్న


అరకు
29 నవంబరు 1954

టీచరమ్మా,

వచ్చేయమని రాశారు, ముందు అమ్మను క్షమాపణ అడిగి మరీ రమ్మన్నారు. గురువారం అమ్మ కోత కోస్తున్న చోడి చేనుకు వెళ్ళాను. మా దగ్గర కోతకు ఆడవాళ్ళు రెండు వరసలై, చేనుకు రెండు చివరల నుంచి ఎదురెదురుగా కోసుకుంటూ వస్తారు. ఒక వరస పాట ఎత్తుకుంటే రెండో వరస అందుకుంటుంది. చిన్నప్పుడు నేనూ అలా కోసినదాన్నే. గట్టు ఎక్కుతుంటే పాట వినబడింది. నేను నేర్పిన కాపరి పాట! ఎత్తుకుంటున్నది మా అమ్మ. గుడిలో గొంతెత్తని సోములమ్మ పిన్ని ఎదుటి వరసలోంచి కొండంతా వినబడేలా అందుకుంటోంది.

"నీకెలా వచ్చిందమ్మా?" అన్నాను.

"బయటుండమన్నావు కదే. గోడ ఎనకాల కూకుని ఇన్నాను. పెతీ ఆదోరం."

నాకు ఏడుపు ఆగలేదు. తప్పయిపోయిందమ్మా అన్నాను. అమ్మ నా చేతిలో కొడవలి పెట్టి, "ఏడిస్తే ఏడువు గానీ, సెయ్యి ఆపకు" అంది.

మరి గుడిలో ఎందుకు పాడరని సోములమ్మ పిన్నిని అడిగాను. "ఎలాగ పాడతామే? నా ముందరున్న దాని ఈపే కదా నాకు కనబడతాది! ఈపుకి ఎవులైనా పాట సెప్తారేటి?" అంది. కోత కోస్తున్న వాళ్ళంతా నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.

నిన్న ఆదివారం గుడిలో ఆడవాళ్ళను రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబెట్టాను. ఒక వరసలో మొదటి చోటు ఖాళీగా ఉంచాను. గోడ వెనక్కి వెళ్ళి, "లోపలికి రామ్మా" అన్నాను.

అమ్మ లేచి కోక దులుపుకుంది. "పాటకొస్తన్నాను, అంతే. మా అమ్మోరిని వదిలీలేదని మీ దేవుడికి ముందే సెప్పీ" అంది. లోపలికి వచ్చి పాట ఎత్తుకుంది. ఎదుటి వరస అందుకుంది. మంగ్లు మావయ్య, "ఓలమ్మా, కప్పు ఎగిరిపోతాదే!" అన్నాడు.

నేను రావడం లేదు టీచరమ్మా. వంటకు వేరే మనిషిని చూసుకోండి. పాటల పుస్తకం తెరిచాను, అందులోంచి కొత్త పాట మొదలుపెడుతున్నాం. అమ్మ ఒక మాట రాయమంది, అన్నది అన్నట్టే రాస్తున్నాను: "మీ పంతులమ్మని క్రిస్మసుకి కొండెక్కమను. ఎదురు వరసలో నిలబెడతాం."

చోటు ఉంచి ఎదురుచూసే
మీ రత్న