‘ఇదిగో’ గారి కొలతలు

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ కులాసాగానే ఉన్నాం. అక్కడ తమ్ముడూ, మరదలూ బాగున్నారని, ఇరవై రోజుల నా మేనకోడలు నిన్ను రాత్రుళ్లు కాస్తయినా కన్ను మూయనిస్తోందని అనుకుంటున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కొట్టు పైన రేకు మార్పించాను, ఇప్పుడు కారడం లేదు. నీ నీలం జాకెట్టు ఎడమ భుజం మళ్ళీ జారుతోందన్నావు. ఆ వైపు అర అంగుళం తగ్గించి పంపుతున్నాను. అమ్మమ్మ పాత కొలతల పుస్తకాలు తూకానికి ఇచ్చేశావా అని అడిగావు. ఇవ్వలేదు. ఇచ్చేశానని కిందటి ఉత్తరంలో రాసింది అబద్ధం. కోప్పడకుండా చివరిదాకా చదువు.

ఈ మధ్య నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. మొన్న ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను. విప్పి మళ్ళీ కుడితే రెండూ కుడివయ్యాయి. మీ అల్లుడు అది చూసి, ఆ చొక్కా ఎవరికి సరిపోతుందో వెతకడం తాతయ్యను వెతకడం కన్నా కష్టమని ఏడిపించారు.

అమ్మమ్మ పోయినట్టు నమోదు చేయించడానికి వెళ్లిన రోజు గుర్తుందా. గుమాస్తా భర్త పేరు అడిగితే నువ్వు తెలియదన్నావు. ఆయన ఆ గడిలో అడ్డంగా గీత గీసేశాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, అరవై దగ్గర పడుతున్నా కన్నతండ్రి పేరు తెలియనిదాన్నని ఏడ్చావు. నేను నీ సంచి పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను. చిన్నప్పుడు నువ్వెప్పుడు అడిగినా అమ్మమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట దాటేసేదట కదా. ‘వదిలెయ్యవే, తవ్వితే ఏమొస్తుంది’ అంటావు నువ్వు. వదిలేద్దామనుకుంటే నాకు అన్నం సహించడం లేదు.

అమ్మమ్మకు పేర్లు గుర్తుండేవి కావు. కొలతల పుస్తకంలో ప్రతి పేజీ పైనా మనిషి పనే రాసుకునేది. రైలు గార్డు, పళ్ల డాక్టరు, ఊరికే అరిచే లాయరు. వాటి మధ్య ఒక పేజీ మీద ‘ఇదిగో’ అని ఉంది. కింద పద్నాలుగేళ్ల కొలతలు, అన్నీ ఒకే మగమనిషివి. నడుము ఏటికేడాది పెరిగింది గానీ, చివర రాసిన మాట మాత్రం మారలేదు: ‘ఎడమ భుజం అర అంగుళం కిందికి’.

అది ‘ఇక్కడ చూడు’ అని తనకోసం పెట్టుకున్న గుర్తనుకుని మూడు నెలలు ఆ పేజీ తిప్పేస్తూ వచ్చాను. ఒక పొద్దున ఎదురింటావిడ ఆఫీసుకు వెళ్తున్న భర్త వెనకాల వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. “ఇదిగో, కళ్లజోడు మర్చిపోయారు” అని పిలిచింది. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. మగవాళ్లందరినీ ‘బాబూ’ అని పిలిచే అమ్మమ్మకు ‘ఇదిగో’ ఎవరు?

భుజం కిందికి ఉందంటే సంచి మోసినవాడే అయ్యుంటాడని నాకు నేనే తీర్మానించేసుకుని, రిటైరైన పోస్టుమాన్ ఇంటికి పరుగెత్తాను. ఎనభై దాటిన పెద్దమనిషిని లేపి నిలబెట్టి భుజాలు కొలిచాను. ఆయన ఓపిగ్గా కొలిపించుకుని, తన సంచి ఎప్పుడూ కుడి భుజానికే ఉండేదని చెప్పారు. వాళ్లావిడ నన్ను వీధి మలుపు దాకా సాగనంపింది, మళ్ళీ వెనక్కి రాకుండా చూసుకోవడానికి.

చివరికి పక్క కొట్టు ఇస్త్రీ పెద్దమ్మ తేల్చింది. అమ్మమ్మ అలా పిలిచింది ఒక్కరినేనట. నెలకోసారి గుండీల పెట్టె పట్టుకొచ్చే మనిషిని. నువ్వు ‘మావయ్యా’ అని పిలిచిన మనిషిని.

అమ్మా, కాసిని మంచినీళ్లు తాగి మిగతాది చదువు.

ఆయన బతికే ఉన్నారు, ఇక్కడికి రైల్లో రెండు స్టేషన్ల దూరంలో. వెళ్లి కలిశాను, అంతా ఆయనే చెప్పారు. అమ్మమ్మ పరిచయమయ్యేనాటికే ఆయనకు పెళ్లయింది. అందుకని అమ్మమ్మ ఆయన్ని లోకానికి అన్నయ్యను చేసింది, నీకు మావయ్యను చేసింది. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటంతా ఆయన మొహం మీదే కక్కేశాను. తల దించుకుని అంతా విన్నారు. నీ పద్నాలుగో ఏట బడిలో ఎవరో ఆయన రాకపోకల గురించి ఏదో అన్నారని నువ్వు ఏడుస్తూ వచ్చి, గుమ్మానికి అడ్డం నిలబడి, ఇంక మా ఇంటికి రావద్దన్నావట. పుస్తకంలో కొలతలు ఆ ఏడాదితోనే ఆగిపోయాయి. ఈ సంగతి నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకిప్పుడు అర్థమైంది. ఆయన మాత్రం నిన్ను తప్పుపట్టలేదు.

“మావయ్యా అని పిలిపించుకున్నవాణ్ణి. తండ్రినని ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం దాటనమ్మా?” అన్నారు.

ఇక అసలు తప్పు ఒప్పుకుంటాను. నిన్ను అడక్కుండా ఆయన్ని కొట్టుకు పిలిచాను. చొక్కా కుడతాను రమ్మన్నాను. టేపు పెట్టి చూస్తే ఎడమ భుజం ఇప్పటికీ అర అంగుళం కిందికే ఉంది. అద్దం ముందు అచ్చం నువ్వు నిలబడినట్టే నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చేసింది, కోపం ఏమైపోయిందో తెలియదు. నువ్వు వస్తావా అని అడిగారు. నీ మనసు నాకు తెలియదు కాబట్టి తెలియదనే చెప్పాను.

పాపం పెద్దాయన అని నిన్ను బలవంతం చేయను. నీ కోపం నీది. ఆయన పేరు కూడా ఇందులో రాయడం లేదు. ఆయన నోట వింటావో, అసలు వద్దంటావో నీ ఇష్టం. పసిపిల్ల పని తెమలగానే ఒక్క ముక్క రాయి.

చొక్కా కుట్టడం అయిపోయి మూడు వారాలైంది, బీరువాలో మడతపెట్టి ఉంది. ఆయన ఆదివారం వస్తే, మన దర్జీలందరం చెప్పే మాటే చెప్పాను. అంతా అయిందండీ, గుండీలు మాత్రమే మిగిలాయి, వచ్చే ఆదివారం రండి అన్నాను. జీవితమంతా గుండీలు అమ్మిన మనిషికి అవి కుట్టడానికి ఎంతసేపు పడుతుందో తెలియదా? “అలాగేనమ్మా” అని వెళ్లిపోయి, తర్వాతి ఆదివారం వచ్చారు. నిన్న మళ్ళీ వచ్చారు. ఈ అబద్ధం నేను ఎన్ని వారాలైనా చెప్పగలను. ఆయన ఎన్ని వారాలు రాగలరో తెలియదు.

ఇట్లు,
చెప్పిన మాట వినని
నీ కూతురు