మూడు మధ్యాహ్నాలు

కుప్పం,
శుక్రవారం.

లక్ష్మక్కకు, చెల్లెలు సుజాత నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం నలుగురం బాగున్నాం. మదనపల్లెలో నువ్వు, బావ, అమ్మ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? పుంగనూరు డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతోందా, మానేసిందా? ఉత్తరం చూసి కంగారుపడకు. ఫోన్‌లో అయితే ఆయనో పిల్లలో పక్కనే ఉంటారు. ఇది నీకొక్కదానికే చెప్పాలి.

మేం ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. ఆయన రాళ్ళ పాలిష్ యూనిట్‌కు ఉదయం వెళితే రావడం సాయంత్రమే. ఊరు మంచిదే. గాలి ఎక్కువ. అంగట్లో ఒకరు తమిళం, ఒకరు కన్నడం మాట్లాడతారు. మొదటి నెల పలకరించే మనిషి లేక ఊరికే ఏడుపు వచ్చేది. ఇప్పుడు అలవాటైంది, నిజంగానే బాగున్నాను.

నువ్వు అక్కడి రంగుల బొమ్మల ప్రదర్శనకు నా పేరు ఇచ్చావని తెలిసినప్పుడు సంతోషించాను, భయపడ్డాను కూడా. జానుకు నాలుగేళ్ళు, చిన్నోడికి రెండు. ఒకరిని పట్టుకుంటే ఒకరు పారిపోతారు. టమోటా మార్కెట్‌లో అమ్మా, తోటి ఆడవాళ్ళూ కాయలు ఏరుతున్న బొమ్మ మొదలుపెట్టాను. బ్రష్ కడిగిన నీళ్ళు చిన్నోడు ఒకసారి తాగేశాడు. ఆ రోజే అన్నీ అటక మీద పెట్టేశాను.

అది చూసి పక్కింటి గౌరమ్మత్త, రోజూ రెండింటి నుంచి నాలుగింటి దాకా పిల్లల్ని తాను చూసుకుంటానంది. ఆమెకు యాభై ఐదేళ్ళుంటాయి, మేకలు పెట్టుకుంది. ఊరికే ఎవరు చేస్తారక్కా? పిల్లలు తిరిగి రాగానే జాను కాళ్ళ పట్టీలు, చిన్నోడి మొలతాడు తడిమి చూసేదాన్ని. మా ఇంటి సంగతులు రాబట్టడానికేమో అనుకుని, ఆమె ఏమడిగిందో జానును గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. ఏమీ దొరకలేదు. అది ఇంకా అనుమానంగా ఉండేది.

రెండో వారంలో పిల్లలు రావడం రావడమే పడి నిద్రపోసాగారు. ఆరింటి దాకా లేచేవారు కాదు. చిన్నోడు మన దగ్గర పగలు ఎప్పుడైనా పడుకున్నాడా? నోరు వాసన చూస్తే తియ్యగా ఉంది. దగ్గు మందు పోసి పడుకోబెడుతోందని నాకు గట్టిగా అనిపించింది.

అనిపించాక కూడా పంపించానక్కా. మూడు మధ్యాహ్నాలు పంపించాను. బొమ్మలో ముఖాలు అయిపోయాయి, చేతులు మిగిలాయి. వాళ్ళు నిద్రపోతే నాకు ఆరింటి దాకా వెలుతురు దొరికేది. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూ చేతులన్నీ వేశాను.

నాలుగో రోజు పిల్లల్ని పంపాక, ఉండబట్టలేక వెళితే ఆమె ఇంటికి తాళం. ఆమె మేకలు మేపే వీధి చివరి గుట్ట దాకా పరుగెత్తాను. అక్కడ జాను, చిన్నోడు చెప్పుల్లేకుండా రెండు మేకపిల్లల వెనక పైకీ కిందికీ పరుగెడుతున్నారు. అత్త చెంబులో పాలూ బెల్లమూ కలుపుతోంది. అంతా కళ్ళారా చూసి కూడా నోరు ఊరుకోలేదు.

"పిల్లోళ్ళకు నిద్రమందు పెడతాండావా అత్తా?" అన్నాను.

ఆమె చెంబు ఎత్తి సగం పాలు తానే తాగింది. కోపం లేదు. "ఎన్ని దినాలుగా ఉండాది నీకీ అనుమానం?" అంది.

మూడు దినాలని చెప్పాను.

"మూడు దినాలు మనసులో పెట్టుకోని, పిల్లోళ్ళను యాల పంపినావు పాపా?"

చిన్నోడిని ఎత్తుకుని, జాను చెయ్యి పట్టుకుని వచ్చేశాను.

వారం రోజులు ఆమె మా గడప తొక్కలేదు. నేను బ్రష్ ముట్టలేదు. ఆ తర్వాత నేనే పిల్లల్ని తీసుకుని గుట్టకు వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని, తప్పయిందన్నాను. కోడలు హోసూరులో కంపెనీ పనికి పోతుందట, మనవళ్ళు అక్కడే పెరుగుతున్నారట, ఈడ పొద్దుపోదని అప్పుడు చెప్పింది. "పో, బొమ్మ ఏసుకో. మద్దెలో ఒగసారి వచ్చి సూసిపో. సూడు, అడుగు. లోపల పెట్టుకోవద్దు" అంది.

ఇప్పుడు రోజూ మూడింటికి వెళ్ళి చూసి వస్తున్నాను. బొమ్మ నెమ్మదిగా సాగుతోంది. అయినా పిల్లలు రాగానే నోరు వాసన చూడటం మానలేకపోతున్నాను. అత్త మీద అనుమానం పోయింది. ఇప్పుడు చూసేది నన్ను నేనే. మళ్ళీ అలాంటి మధ్యాహ్నం వస్తే ఏం చేస్తానో నాకు తెలియదు.

చేతులు బాగా వచ్చాయని ఆయన ఒకటే మెచ్చుకుంటున్నారు. విన్నప్పుడల్లా తల దించుకుంటున్నాను. బొమ్మ మదనపల్లెకు వచ్చేలోపు ఆయనకు అంతా చెప్పేస్తాను. ఏమంటారో తెలియదు. బొమ్మ పంపవద్దంటే పంపను.

సన్న బ్రష్ ఒకటి కొని, ఈ వైపు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఇచ్చి పంపు. అమ్మకు ఈ సంగతి చెప్పకు. బావకు నమస్కారాలు, అమ్మకు పిల్లల ముద్దులు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టి, ఆ తర్వాత దీవించు.

నీ చెల్లెలు,
సుజాత