గూడ్సు పక్కన నీ సిపాయి

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైన ఈ రోజు నువ్వు చేత్తో పట్టుకుని ఆడే వీడియోగేమ్ తీశాను. నువ్వు సేవ్ చేసిన చోటే నీ సిపాయి శత్రువుల రైల్వే యార్డులో నక్కి ఉన్నాడు. కాపలావాడికి కనపడకుండా దాటాలంటే, ఆగి ఉన్న గూడ్సు కింద నుంచి పాకాలి.

మన నిమ్‌పురా రైల్వే కాలనీలో అందరం అలాగే యార్డు దాటేవాళ్ళం. "ఆగున్న బండే కదేటే, దూరిపో!" అనేవాడివి. ఆ రోజు నువ్వు దూరాక బండి కదిలింది.

"ఏటే, ఆడకుండా అలా సూస్తన్నావేటి?" అంది ఇప్పుడు నా పక్కనున్న అమ్మ. నేను పాకించే బొత్తాం నొక్కలేకపోయాను. కాపలావాడు నీ సిపాయిని చూసి కాల్చేశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

తెరిచేసరికి నీ సిపాయి మళ్ళీ ప్రాణాలతో గూడ్సు పక్కనే ఉన్నాడు. కాపలావాడి అడుగులు మళ్ళీ దగ్గరవుతున్నాయి. ఎన్నిసార్లు కాల్చినా సరే, నీ సిపాయిని ఆ బండి కింద దూరనివ్వను, అన్నయ్యా.